ఆడే పిల్ల తినే ముద్ద

బండలాగుడు పందేలకు ఎద్దులను సాకే రైతు దగ్గర ఒక పూట కూర్చుంటే, ఆటగాళ్ళ తిండి గురించి చాలా సంగతులు తెలుస్తాయి. ముద్దనూరు చుట్టుపక్కలా, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల్లోనూ తిరునాళ్ళకో పండగకో పందెం ఉందంటే, నెలల ముందు నుంచే ఆ ఇంట్లో ధ్యాసంతా కొట్టం మీదే ఉంటుంది. ఉలవలు ఎన్ని ఉడకబెట్టాలి, ఏ పూట పెట్టాలి, చెనిక్కాయ చెక్క ఎంతసేపు నానాలి, నీళ్ళు ఎప్పుడు తాపాలి, అన్నిటికీ ఆయన దగ్గర లెక్కుంది. పందెం రోజు పొద్దున ఎద్దు కడుపు బరువుగా ఉండకూడదని తెలుసు. ఒకరోజు గట్టిగా లాగించాడంటే మరుసటి రోజు ఊరికే నడిపించి వదిలేస్తాడు. పాలపళ్ళ కోడెకు పెట్టిన బరువు వేరు, ఆరుపళ్ళ ఎద్దుకు పెట్టిన బరువు వేరు. మేత, కసరత్తు, విశ్రాంతి మూడూ కలిస్తేనే గడువు లోపల బండ నాలుగడుగులు ఎక్కువ కదులుతుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. తాతల నాటి నుంచి చేతుల్లో ఉన్న విద్య అది.

అలాంటి ఇంట్లోనే ఎనిమిదో తరగతి చదివే పాప ఒకతె ఉంటుంది. బడి ఖోఖో జట్టులో ఉంటుంది, మండలం పోటీలకు పోయి వస్తుంది. ఆ పిల్ల పొద్దున్నే టీ తాగి, రెండు బిస్కెట్లు తిని గ్రౌండుకు పోతుంది. ఆమె మీద ఇంట్లోవాళ్ళకు ప్రేమ లేక కాదు. ఆమె కప్పు తెచ్చిన రోజు వీధంతా తిరిగి చూపించేది వాళ్ళే. ఎద్దు విషయంలో అంత స్పష్టంగా ఉన్న తెలివి పిల్ల కంచం దగ్గరికి ఎందుకు రాలేదన్నది నన్ను చాలాకాలంగా వదలని ఆలోచన.

పొద్దున మా మైదానంలో నడుస్తుంటే పరుగు సాధన చేసే పిల్లలు కనిపిస్తారు. ఒక పాప రెండు చుట్లు బాగా ఉరికింది. మూడో చుట్టులో నడుము పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం తినొచ్చినావు పాపా?"

"ఏం తిన్లేదు సార్. తింటే ఉరకలేను, కడుపులో పట్టుకుంటాది."

ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. కడుపు నిండా తిని పరిగెత్తితే నిజంగానే పట్టుకుంటుంది. కానీ వట్టి కడుపుతో పరిగెత్తినా మూడో చుట్టుకు అదే గతి. అన్నం, సంగటి, రొట్టె, పండు ఏది తిన్నా అందులోని పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఆ నిలవ మొత్తం అరకిలోకు అటూ ఇటూ ఉంటుందంతే. 400 మీటర్ల పరుగైనా, కబడ్డీ కూతైనా, ఖోఖోలో తరుముడైనా ఊపిరి బిగబట్టి చేసే ప్రతి పనికీ కండరం వెతుక్కునేది దీన్నే. ఒంట్లో కొవ్వు ఎంతున్నా అంత వేగంగా శక్తినివ్వలేదు. రాత్రి ఎనిమిదికి తిని పడుకున్న పిల్లకు తెల్లారేసరికి కాలేయంలోని నిలవ చాలావరకు తరిగిపోయి ఉంటుంది. దానికి మందు పెద్దదేం కాదు. ఉరికే అరగంట ముందు ఒక అరటిపండు, రెండు గుక్కల నీళ్ళు. పులివెందుల అరటి లారీలకెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. పక్కనున్న మా మైదానంలో మాత్రం ఒక పిల్ల వట్టి కడుపుతో మూడో చుట్టు ఉరుకుతోంది. పెద్ద తిండి, అంటే సంగటో అన్నమో, ఆటకు రెండు మూడు గంటల ముందే అయిపోవాలి. పందెం నాటి పొద్దున ఎద్దు విషయంలో రైతు పాటించేది సరిగ్గా ఇదే.

మన సీమ తిండి ఆటకు పనికిరానిదా అంటే, నేను ఒప్పుకోను. రాగుల్లో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాములుంటే ఎక్కువ. ఎముక గట్టిపడే వయసులో, అంటే పది నుంచి ఇరవై ఏళ్ళ మధ్య, గెంతే పిల్లకు, ఉరికే పిల్లకు సంగటి ముద్దను మించిన తిండి ఈ నేల మీద దొరకడం కష్టం. జొన్నరొట్టె, కొర్రన్నం మెల్లగా అరిగి చాలాసేపు శక్తినిస్తాయి. ఉలవల్లో నూటికి ఇరవై పైచిలుకు గ్రాముల మాంసకృత్తులున్నాయి. చెనిగ్గింజల్లో పాతిక దాకా ఉన్నాయి. గుండ్లెత్తినవాళ్ళు, ఇరుసులెత్తినవాళ్ళు, సాముగరిడీలు చేసినవాళ్ళు మన పల్లెల్లో ఈ తిండితోనే బలిశారు. పాతదంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కాలంలో సంగటి కూడా కడుపు నిండా దొరకని ఇళ్ళు ఎక్కువ. కరువు ఏడు అంబలితో గడిపినవాళ్ళే ఎక్కువ. బలిసినవాళ్ళ పేర్లు మనకు గుర్తున్నాయి, ఎండిపోయినవాళ్ళ పేర్లు గుర్తులేవు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అప్పటిదాకా పండగకో చుట్టమొచ్చినప్పుడో వండుకునే వరన్నం రోజూ పొయ్యి మీదికెక్కింది. ఆకలి తగ్గించిన బియ్యం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. కానీ దాంతోపాటు రాగి, జొన్న, కొర్ర పొలాల నుంచీ కంచాల నుంచీ పక్కకు జరిగాయి. కంచంలో అన్నమే మిగిలితే ఏమవుతుందో అంతకు చాలా ముందే తేలింది. తమిళనాడులోని కూనూరులో 1918లో పోషకాహార పరిశోధన మొదలుపెట్టిన రాబర్ట్ మెక్‌కారిసన్, దేశంలో ఏ ప్రాంతంవాళ్ళు ఏం తింటారో ఆ తిండి ఎలుకల గుంపులకు విడివిడిగా పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలున్న పంజాబు తిండి తిన్నవి బాగా ఎదిగాయి. తెల్లన్నం ఎక్కువై, పాలు, పప్పు, ఆకుకూరలు తక్కువైన దక్షిణాది తిండి తిన్నవి చిన్నగా, నీరసంగా మిగిలాయి. ఆ పరిశోధన సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చింది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. తప్పు అన్నానిది కాదు. ఒంటరిగా అన్నమే మిగలడం అసలు లోపం. కంచెడు అన్నం, పలచటి చారు, అంచుకు ఊరుగాయ తిని కబడ్డీ ఆడే పిల్లోడికి అప్పటికప్పుడు శక్తి ఉంటుంది, తెగిన కండ అతుక్కోవడానికి సరుకు ఉండదు.

కండ ఆట ఆడేటప్పుడు పెరగదు. ఆడేటప్పుడు దాని పోగులు సన్నగా దెబ్బతింటాయి. తర్వాత తిన్న తిండితో, పడుకున్న నిద్రలో బాగుపడి, మునుపటికన్నా గట్టిగా తయారవుతాయి. కసరత్తు చేసేవాళ్ళకు ఒంటి బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. నలభై కిలోల పాపకు తక్కువలో తక్కువ దాదాపు యాభై గ్రాములన్నమాట. రెండు గుడ్లకు పన్నెండు. గుప్పెడు చెనిగ్గింజలకు ఏడు. గ్లాసు పాలకు ఆరు. గట్టిగా వండిన పప్పు, ఉలవ గుగ్గిళ్ళు, తినే సంగటీ రొట్టెలూ కలిపితే మిగతాది సరిపోతుంది. ఇందులో ప్రొద్దుటూరు దాకా పోయి కొనాల్సింది ఏదీ లేదు. పండే చెనిక్కాయ మిల్లుకు పోతుంది, నూనె పట్టణాలకు పోతుంది, మాంసకృత్తులు నిండుగా ఉన్న చెక్క తిరిగొచ్చి ఎద్దు ముందు పడుతుంది. ఎద్దుకు పెట్టొద్దని కాదు. ఇంట్లో చెనిగ్గింజల ఊరిబిండి నూరినప్పుడు పాప రొట్టె మీద ఇంకో చెంచా ఎక్కువ పడితే చాలు.

ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల దిక్కుకు పోతుంటే కలమళ్ళ దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్‌టీపీపీ) పొగగొట్టాలు కనిపిస్తాయి. భారత క్రికెట్ జట్టు స్పిన్నర్ శ్రీచరణి నాన్న ఈ కరెంటు కేంద్రంలో ఉద్యోగి. సొంతూరు వీరపునాయునిపల్లె మండలంలోని ఎర్రమల్లె. ఆ అమ్మాయి మొదలే క్రికెట్ ఆడలేదు. ఖోఖో ఆడింది, బ్యాడ్మింటన్ ఆడింది, పరుగు పందేల్లో ఉరికింది. బంతి పట్టడం ఆ తర్వాతి మాట. 2025 ఏప్రిల్‌లో శ్రీలంక మీద తొలి వన్డే, జూన్‌లో నాటింగ్‌హాంలో ఇంగ్లండు మీద తొలి టీ20. ఆ టీ20లో 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. అదే ఏడు నవంబరు 2న నవీ ముంబైలో మన ఆడపిల్లలు తొలిసారి వన్డే ప్రపంచకప్పు ఎత్తారు. ఆ కప్పులో శ్రీచరణివి 14 వికెట్లు.

అందరూ ఆ ఆఖరి మ్యాచ్ గురించి చెప్పుకుంటారు. నాకు మాత్రం అక్టోబరు 12న విశాఖపట్నంలో ఆస్ట్రేలియాతో జరిగిన మ్యాచే ఎక్కువ గుర్తొస్తుంది. మనవాళ్ళు 330 కొట్టినా ఓడిపోయిన మ్యాచ్ అది. వాళ్ళలో అలిస్సా హీలీ ఒక్కతే 142 కొట్టింది. బంతి ఎవరు వేసినా బౌండరీకి పోతున్న ఆ సాయంత్రం, సముద్రపు ఉక్కపోతలో, ఇరవై ఒక్కేళ్ళ శ్రీచరణి పది ఓవర్లూ వేసి 41 పరుగులే ఇచ్చింది, 3 వికెట్లు తీసింది. ఎడమచేతి స్పిన్నర్ బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా ముందుకేసిన కుడికాలి మీద పడుతుంది. ఆ కాలు గట్టిగా నిలిస్తేనే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితేనే భుజం, భుజంతో వేళ్ళు. అరవై బంతులకు అరవై సార్లు ఆ కాలు నిలవాలి. అలసిపోయిన స్పిన్నర్ వేసిన బంతి కురచగా పడుతుంది, కురచ బంతిని ఆస్ట్రేలియావాళ్ళు వదలరు. చూసేవాళ్ళకు స్పిన్ అంటే వేళ్ళ మాయగా కనిపిస్తుంది. దానికింద ఉన్నది కాళ్ళ బలం, నడుము బలం. చిన్నతనంలో ఒకే ఆటకు అంటుకుపోకుండా నాలుగు ఆటలు ఆడిన పిల్లల ఒళ్ళు నాలుగు విధాలా పదునెక్కుతుందని, దెబ్బలు కూడా తక్కువ తగులుతాయని క్రీడా వైద్యులు చెప్పేమాట. ఖోఖోలో కూర్చుని లేచిన పిల్ల కాళ్ళకు ఆ పది ఓవర్లకూ సంబంధం ఉందని నేను నమ్ముతాను.

కరెంటు కేంద్రం కాలనీ అంటే నెల జీతం, బడి, ఆడుకోను చోటు. ఆ గోడకు ఇవతల పల్లెల్లో చెనిక్కాయ కలుపులకు పోయే తల్లుల పిల్లలున్నారు. వాళ్ళలోనూ ఖోఖో ఆడేవాళ్ళున్నారు, ఉరికేవాళ్ళున్నారు. నా దిగులంతా వాళ్ళ గురించే, అందులోనూ ఆడపిల్లల గురించే.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. గర్భిణులు కానివాళ్ళకు డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తగ్గితే ఆ లెక్కలోకి వస్తారు. ఊపిరితిత్తుల్లోని ప్రాణవాయువును కండరానికి చేర్చేది హిమోగ్లోబిన్, దాన్ని తయారుచేయడానికి ఇనుము కావాలి. అది తక్కువైన పిల్ల ఎంత సాధన చేసినా రొప్పుతుంది. కోచ్ స్టామినా లేదంటాడు, ఇంట్లో బద్ధకమంటారు, పిల్ల కూడా తనవల్ల కాదేమో అనుకుని ఆట మానేస్తుంది. ఎన్ని మంచి కాళ్ళు ఇట్లా మైదానం వదిలి వెళ్ళిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది. నెలనెలా రక్తం పోయేది ఆడపిల్లకు, చెమటలోనూ కొంత ఇనుము పోయేది ఆడే పిల్లకు, రెండూ కలిసిన పిల్లకు ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఇనుము కావాలి. కంచంలో అందరికన్నా ఆఖరున వడ్డన జరిగేది కూడా ఆమెకే.

ఒక తల్లితో ఈ మాటే అన్నాను. పాపకు రోజూ ఒక గుడ్డు పెట్టమ్మా అంటే, "ఆడపిల్లకు రోజూ గుడ్డేంది సార్, వేడి చేస్తాది, తొందరగా పెద్దమనిషి అయితాది" అంది. గుడ్డుకూ దానికీ సంబంధం లేదని నెమ్మదిగా చెప్పాను. మరి బడిలో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు కదా అంటే, "ఆడ తిన్నది చాలు కదా సార్, ఇంట్లో అబ్బోడికి పెడ్తా" అంది. ఆమెను ఏమని అనగలం? ఆమె కూడా చిన్నప్పుడు ఆఖరున తిన్న పిల్లే. బడి గుడ్డు, చిక్కీ, 2023 మార్చి నుంచి వచ్చిన రాగిజావ ఎంతోమంది పిల్లలకు ఆ రోజు తిన్న మంచి తిండి మొత్తం అవే. సంగటి ఇళ్ళలోంచి పోయినా జావగా బడిలోకి వచ్చిందని నాకు సంతోషం. బడి లేని ఎండాకాలం సెలవుల్లో ఆ గ్లాసూ ఉండదు, ఆ గుడ్డూ ఉండదు. ఆటల శిబిరాలు పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ఇంకో సంగతి బయటికి చెప్పుకోరు. సాధన ఎక్కువై తిండి చాలని ఆడపిల్లలకు కొందరికి నెలసరి ఆగిపోతుంది. ఆటకు అడ్డం లేదులే అని పిల్ల అనుకుంటుంది, అమ్మకు చెప్పదు. కోచ్ మగమనిషైతే అసలే చెప్పదు. ఖర్చుకు సరిపడా శక్తి అందనప్పుడు ఒళ్ళు ముందుగా ఆపేసే పనుల్లో అదొకటి. అక్కడితో ఆగదు. ఎముక పలచబడుతుంది, కాలి ఎముకలో సన్నటి పగుళ్ళు వస్తాయి, చిన్న జ్వరం కూడా తొందరగా తగ్గదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికొక పేరు పెట్టి, మగపిల్లలకూ వస్తుందని చెప్పి హెచ్చరించింది. బరువు విభాగాలున్న ఆటల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 2024 ఆగస్టులో ప్యారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల కుస్తీ ఫైనల్ నాటి పొద్దున వంద గ్రాములు ఎక్కువ తూగి పోటీకి దూరమైనప్పుడు దేశమంతా ఏడ్చింది. ఆమె చుట్టూ వైద్యులున్నారు, పోషకాహార నిపుణులున్నారు. మండలం పోటీలకు బరువు తగ్గాలని రెండు రోజులు అన్నం మానేసి, నీళ్ళు కూడా తాగకుండా పోయే మన పిల్లల పక్కన ఎవరూ లేరు.

రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధుతో చాక్లెట్లు, హైదరాబాదు బిర్యానీ మాన్పించాడని 2016లో అందరూ ముచ్చటగా చెప్పుకున్నారు. మంచి గురువు అలాగే చేస్తాడు. కానీ ఆ కథ విని మన పల్లె కోచ్‌లు కూడా అది తినొద్దు, ఇది తినొద్దు అని మొదలుపెడితే నాకు భయమేస్తుంది. సింధు కంచంలోంచి తీసేయడానికి ఏదో ఉంది. మన పాప కంచంలో ఇంకా వేయాల్సినవే ఉన్నాయి.

మా దగ్గర తెల్లవారుజామున ఉరికే మగపిల్లల్లో ఎక్కువమంది ఆటగాళ్ళు కారు, పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో తయారవుతున్నవాళ్ళు. 1600 మీటర్ల పరుగు వాళ్ళ బతుకును తేల్చేస్తుంది. ఆ తొందరలో జిమ్ముల్లో ఎవరో చెప్పిన పొడి డబ్బాలకు వేలు పోస్తారు. పాలు, గుడ్లు, శనగలు ఇచ్చే మాంసకృత్తులే ఆ డబ్బాలోనూ ఉంటాయి. లేబులు సరిగా లేని డబ్బాల్లో ఉండకూడనివి కూడా ఉంటాయి. నిషేధించిన మందు కలిసిందని తెలియక తాగి పరీక్షలో దొరికిపోయిన క్రీడాకారులు ఎందరో ఉన్నారు. ఆ డబ్బుతో ఆరు నెలల గుడ్లు వస్తాయిరా అబ్బీ అంటే నవ్వి ఊరుకుంటారు. వాళ్ళ తొందర నాకు అర్థమవుతుంది. వయసు దాటిపోతే ఉద్యోగం రాదు.

నీళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను, మాది ఎండల దేశం కాబట్టి. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు చెమటగా పోతే ఆట మందగిస్తుంది. యాభై కిలోల పిల్లోడికి అది కిలో అన్నమాట. మే నెలలో నాపరాళ్ళు కాలుతున్న మా నేల మీద గంటసేపు కబడ్డీ ఆడితే కిలో పోవడం పెద్ద పనేం కాదు. నీళ్ళతోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పేసిన పలచటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళలో చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం సరిపోతాయి. దప్పిక అయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగాలి. ఆడేటప్పుడు నీళ్ళు తాగితే ఒగురుస్తుందని ఆపే పెద్దలు ఇంకా ఉన్నారు.

ఎంపిక పోటీలకు పోయినప్పుడు అక్కడ ఒక కాగితం మీద పిల్లల ఎత్తు, బరువు రాస్తారు, ముప్పై మీటర్లు ఎన్ని సెకన్లలో ఉరికారో, నిలబడి ఎంత దూరం దూకారో రాస్తారు. ఆ కాగితంలో హిమోగ్లోబిన్ అని ఇంకో గడి ఉండాలని నా కోరిక. వేలి కొన నుంచి తీసిన ఒక్క చుక్క రక్తంతో ఆరోగ్య కేంద్రంలో తేలిపోయే పరీక్ష అది. తొమ్మిదున్న పిల్లను ఆరోజే తీసేయకుండా, మందులు ఇప్పించి, మూడు నెలలాగి మళ్ళీ ఉరికించి చూడాలి. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్రను పిల్లలు చాలామంది కిటికీలోంచి పారేస్తారు, వట్టి కడుపున వేసుకుంటే తిప్పుతుంది కాబట్టి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోవాలి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, ఒక చీనీకాయ తింటే తిండిలోని ఇనుము ఇంకా బాగా ఒంటికి పడుతుంది. గంటసేపు టీ జోలికి పోకూడదు. ఈ మాట మొన్న పొద్దున ఆ మూడో చుట్టు పాపకు చెప్తే, పక్కనున్న నలుగురూ కూడా వచ్చి నిలబడి, పొద్దున టీ బదులు ఏం తాగాలని అడిగారు. మజ్జిగ అన్నాను, ఇంట్లో పాలుంటే పాలు. వాళ్ళలో ఇద్దరి ఇళ్ళల్లో పాడి ఉందట. పాలు కేంద్రానికి పోస్తారట. ఒక గ్లాసు ఆపమని అమ్మలతో మాట్లాడడానికి ఆదివారం పోతున్నాను.